తొలి నిమిషం శ్రోతల అమానతు

 

గత మాసం మాకు అందిన ఉత్తరాలలో ఒకటి ఆళ్లగడ్డ నుండి వచ్చింది. రాసిన సోదరి నంద్యాలలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నది. వేసవి సెలవులలో తమ ఊరి తల్లుల కోసం ఒక సమావేశం జరగనున్నదని, పదవ తరగతి పూర్తయిన ఆడపిల్లల పైచదువుల గురించి పది నిమిషాలు మాట్లాడవలసిందిగా పెద్దలు తనను కోరారని ఆమె తెలియజేసింది. "చెప్పవలసిన విషయాలన్నీ కాగితం మీద ఉన్నాయి. సలాము చేసిన తర్వాత రావలసిన మొదటి మాట ఏదో మాత్రం తోచడం లేదు. మొదలు బాగుంటే మిగిలినది దానంతట అదే సాగిపోతుందని అందరూ అంటున్నారు. ఆ మొదలు ఎలా ఉండాలి?" అన్నది ఆమె ప్రశ్న.

తాను రాసుకున్న ప్రారంభాన్ని కూడా ఆమె జతచేసింది. అది ఇలా సాగింది: "వేదికను అలంకరించిన పెద్దలకు, సభా నిర్వాహకులకు, విచ్చేసిన ప్రతి ఒక్కరికీ నా హృదయపూర్వక సలాములు. ఇంతటి మహనీయుల ముందు మాట్లాడే అర్హత నాకు లేదు. అయినా ఈ అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. విద్య మానవ జీవితానికి వెలుగు వంటిది. విద్య లేనిదే ప్రగతి లేదు."

ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. అయినా చదువుతుండగా మాకు సిగ్గు కలిగింది. ఇంచుమించు ఇటువంటి ప్రారంభంతోనే, అదే ఆళ్లగడ్డలో, ఇటువంటి తల్లుల సభనే మేము ఒకసారి పాడుచేశాము. సోదరికి సమాధానం చెప్పే ముందు ఆ సంగతి చెప్పుకోవడం న్యాయం.

మేము వృథా చేసిన తొమ్మిది నిమిషాలు

రెండేళ్ల క్రితం నంద్యాలలో బస్సెక్కి, శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ చేరుకున్నాము. దారి పొడవునా మా ధ్యాసంతా ప్రసంగం మొదట్లో వినిపించదలచిన ఒక ఉర్దూ షేర్ మీదనే ఉన్నది. ఎదుట ఎవరు కూర్చుంటారు, వారు ఏ పని మానుకొని వస్తారు, ఏమి తెలుసుకోవాలని వస్తారు అన్న ఆలోచన మాకు రాలేదు.

సభలో మా వంతు వచ్చింది. ముందుగా వేదిక మీది పెద్దల పేర్లు వరుసగా చదివాము. ఒక పేరు మరచిపోయి, గుర్తుకు వచ్చాక క్షమాపణ కోరి మళ్లీ చేర్చాము. ఆలస్యంగా వచ్చినందుకు కారణం వివరించాము. మేము పెద్ద వక్తలము కామని వినయం ప్రదర్శించాము. సమయం తక్కువగా ఉన్నదని చెప్పడానికి కొంత సమయం తీసుకున్నాము. ఆ తర్వాత షేర్ వినిపించాము. వచ్చిన వారిలో సగం మంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. ముందు వరుసలోని నలుగురు 'వాహ్' అన్నారు. వెనుక వరుసలలో గుసగుసలు మొదలయ్యాయి. ఆడపిల్లల చదువు అన్న మాట మా నోటి నుండి వచ్చేసరికి తొమ్మిది నిమిషాలు గడిచిపోయాయి.

సభ ముగిశాక, స్త్రీల వైపు ఏర్పాట్లు చూసిన ఒక అమ్మాయి మా వద్దకు వచ్చి చెప్పింది. చుట్టుపక్కల పల్లె నుండి ఒక తల్లి వచ్చిందట. కూతురి మార్కుల జాబితాను ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని మూడవ వరుసలో కూర్చున్నదట. బిడ్డను ఇంటర్మీడియెట్‌కు నంద్యాల పంపవచ్చునా, పంపితే ఎక్కడ ఉంచాలి అని అడగాలని ఆమె ఆశ. కొంతసేపు వేచి చూసి లేచిపోయిందట. "పెద్దోళ్ల మాటలు పెద్దోళ్లకే సరిపాయ లేమ్మా. బస్సు పోతాది, నేను పోతాండా" అన్నదట.

ఆమె ఎవరో, ఏ ఊరో తర్వాత ఎంత విచారించినా తెలియలేదు. ఆ అమ్మాయి చదువు సాగిందో, ఆగిందో మాకు తెలియదు. ఒక నిండు సభలో మమ్మల్ని మెచ్చుకున్న నలుగురి ముఖాలు ఇప్పుడు గుర్తు లేవు. మేము చూడనైనా చూడని ఆ తల్లి మాత్రం మరపునకు రావడం లేదు.

ఆనాటి నుండి మేము ఒక విషయం నమ్ముతున్నాము. ప్రసంగంలోని తొలి నిమిషం వక్త సొత్తు కాదు. అది శ్రోతలు అతని చేతిలో ఉంచిన అమానతు. పొయ్యి మీది వంట, పొలంలోని పని, ఆ పూట కూలి విడిచి వచ్చినవారు తమ సమయాన్ని మన ముందు పెడతారు. దానిని మన పేరు కోసం, మన భయం కోసం, మన మొహమాటం కోసం ఖర్చు చేస్తే అమానతులో ఖియానతు చేసినట్లే.

ముందు పిలుపు

మొదటి మాట ఏమిటని సోదరి అడిగింది. మా అనుభవంలో, మొదటి మాట కంటే ముందు తేల్చుకోవలసినది మనం ఎవరిని పిలుస్తున్నామన్నది. సంబోధన సరిగా కుదిరితే ప్రారంభంలో సగం పని పూర్తవుతుంది.

దివ్య ఖుర్ఆన్‌లో హజ్రత్ యూసుఫ్ (అలైహి) గాథను గుర్తుచేసుకోండి. చెరసాలలో ఇద్దరు యువకులు తమ కలల భావం చెప్పమని వస్తారు. ఆయన వారి ప్రశ్నను పక్కకు నెట్టలేదు. భావం చెబుతానని ముందుగా భరోసా ఇచ్చారు. ఆ తర్వాత ఏకదైవారాధన గురించి బోధించారు. అప్పుడు వారిని తన చెరసాల సహచరులని సంబోధించారు. ఆయన ప్రవక్త, ప్రవక్త కుమారుడు, ప్రవక్త మనుమడు. ఆ గొప్పతనాలలో దేనినీ ముందు పెట్టకుండా, తానూ వారూ ఒకే గోడల మధ్య ఉన్నామన్న సంబంధాన్ని పిలుపుగా ఎంచుకున్నారు. హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి చేసిన ఉపదేశంలో ఒక్కొక్క హితవుకు ముందు 'చిన్నారి కుమారా' అన్న వాత్సల్యం వినిపిస్తుంది. హజ్రత్ ఇబ్రాహీం (అలైహి) విగ్రహారాధకుడైన తండ్రితో విభేదిస్తూ కూడా ప్రతిసారీ 'నాన్నా' అనే ప్రేమతోనే మొదలుపెట్టారు.

ఒక పిలుపు ఎంత పని చేయగలదో మన నంద్యాల చరిత్రే చెబుతుంది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన ప్రాంతాలను ఆంగ్లేయులు 'సీడెడ్' జిల్లాలన్నారు. తెలుగులో అవి 'దత్తమండలాలు' అయ్యాయి. ఇచ్చివేయబడిన నేల అన్న అర్థం ఆ పేరులోనే ఉన్నది. నూరేళ్లకు పైగా ఇక్కడి ప్రజలను ఆ పేరుతోనే పిలిచారు. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ సందర్భంగా కూడిన దత్తమండలాల సమావేశంలో పండితుడు చిలుకూరి నారాయణరావు ఈ ప్రాంతానికి 'రాయలసీమ' అన్న పేరును ప్రతిపాదించారు. సభ దానిని అంగీకరించింది. భూమి మారలేదు, కరవు మారలేదు, ప్రభుత్వమూ మారలేదు. పిలుపు మారింది. ఎవరో ఎవరికో ఇచ్చివేసిన మనుషులుగా కాక, తమదైన చరిత్ర కలవారిగా జనం తమను తాము చూసుకున్నారు. ఈనాడు మనమందరం ఏ సంకోచమూ లేకుండా 'మాది రాయలసీమ' అంటున్నాము.

నంద్యాలకు సభలు కొత్త కావు. 1977లో ఇక్కడి నుండి లోక్‌సభకు ఎన్నికైన నీలం సంజీవరెడ్డి అదే సంవత్సరం రాష్ట్రపతి అయ్యారు. 1991లో ప్రధాని పి.వి. నరసింహారావు ఇక్కడి ఉపఎన్నికలోనే లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఈ పట్టణం ఎన్నో ప్రసంగాలు విన్నది. వాటిలో అనేకం గాలిలో కలిసిపోయాయి. ప్రజలకు గౌరవమైన ఒక పేరు పెట్టిన ఆ మాట మాత్రం దాదాపు నూరేళ్లుగా నిలిచి ఉన్నది.

కనుక సోదరీ, 'ప్రతి ఒక్కరికీ' అన్న పిలుపు ఎవరికీ చెందదు. మీ ఎదుట ఉండేది తల్లులు. మీకు వరుసకు అక్కలు, పిన్నమ్మలు, పెద్దమ్మలు. 'అమ్మలారా, అక్కలారా' అనండి. సభకు ఇరుగుపొరుగు హిందూ, క్రైస్తవ సోదరీమణులు కూడా వస్తే సలాము అర్థాన్ని తెలుగులో ఒక వాక్యంగా చెప్పి, మీ అందరి మీద శాంతి వర్షించాలని కోరండి. తాము పరాయి సభలో కూర్చున్నామన్న భావం వారికి కలగకూడదు.

ఆళ్లగడ్డ రాతి శిల్పానికి పేరుపొందిన ఊరు. రాతిపని తెలిసినవారు ఉలి పెట్టే ముందు రాయిని సుత్తితో మెల్లగా తట్టి వింటారు. రాయి గట్టిదా, లోపల పగులు ఉన్నదా అన్నది ఆ ధ్వని తెలుపుతుంది. వక్త కూడా సభకు కొంత ముందుగా వెళ్లి, వచ్చినవారితో కాసేపు కూర్చొని వారి మాటలు వినడం మంచిది. ఆనాడు మేము వేదిక మీద కాక మూడవ వరుసలో పది నిమిషాలు కూర్చొని ఉంటే ఆ ప్లాస్టిక్ కవరు మా కంట పడేది.

తొలి వాక్యాలు నేర్పే పాఠం

హమ్ద్, దరూద్‌లతో ప్రసంగం ప్రారంభించడం మన సంప్రదాయం. అల్లాహ్‌ను స్తుతించి, ఆయన ప్రవక్త (స)పై దరూద్ పంపిన తర్వాత 'అమ్మా బాద్' అంటూ విషయంలోకి వెళ్లడం ఖుత్బాల రీతి. ఆ రెండు పదాలకు అర్థం 'ఇక ఆ తర్వాత' అని. స్తుతికీ విషయానికీ మధ్య అదొక ద్వారబంధం వంటిది. ద్వారబంధం దాటగానే ఇల్లు కనిపించాలి. మనలో కొందరు దాని ముందు మరొక పొడవైన వసారా కట్టి, శ్రోతలను అక్కడే కూర్చోబెడుతున్నారు.

హమ్ద్ చెప్పేటప్పుడు దాని అర్థం మనసులో ఉండాలి. గుక్క తిప్పుకోకుండా అప్పగించిన స్తుతికీ, రెండే వాక్యాలలో భక్తితో పలికిన స్తుతికీ గల తేడా శ్రోతలకు వెంటనే తెలుస్తుంది.

ఆ తర్వాతి తొలి వాక్యానికి ఇస్లామీ చరిత్రలో ఎన్నో ఆదర్శాలు ఉన్నాయి. నాలుగింటిని మాత్రం చూద్దాం.

మొదటిది సఫా కొండ మీది పిలుపు. బంధువర్గాన్ని హెచ్చరించమన్న ఆజ్ఞ వచ్చినప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (స) సఫా ఎక్కి ఖురైషు తెగలను పేరుపేరునా పిలిచారు. స్వయంగా రాలేనివారు తమ మనిషిని పంపారు. అందరూ చేరాక ఆయన (స) ఉపన్యాసంతో ప్రారంభించలేదు, ఒక ప్రశ్న వేశారు. ఈ లోయలో మీపై దాడికి అశ్వదళం సిద్ధంగా ఉన్నదని చెబితే నమ్ముతారా అని అడిగారు. నమ్ముతామని, ఆయన నోట సత్యం తప్ప తాము వినలేదని వారు బదులిచ్చారు. అప్పుడు రాబోయే శిక్షను గురించి హెచ్చరించారు. ఆ ప్రశ్న శ్రోతలకు తెలిసిన ప్రమాదం నుండి వారికి తెలియని ప్రమాదం వైపు దారి వేసింది. వారి నోటితోనే సాక్ష్యం పలికించింది.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. ఆ ప్రశ్నకు బలం మాటల కూర్పు నుండి రాలేదు. నలభై ఏళ్ల సత్యసంధత నుండి వచ్చింది. ఊరిలో మాట తప్పే మనిషి సఫా ప్రశ్నను అనుకరిస్తే నవ్వులపాలవుతాడు. ఇక రెండవది, అంతటి ప్రారంభం తర్వాత కూడా అబూలహబ్ దూషించి వెళ్లిపోయాడు. మంచి ప్రారంభం చెవులను తెరుస్తుంది. హృదయాలను తెరిచేవాడు అల్లాహ్ మాత్రమే. సభ మన మాట అంగీకరించకపోతే కుంగిపోనవసరం లేదు.

రెండవది హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) ప్రసంగం. క్రీ.శ. 615 ప్రాంతంలో మక్కా హింస నుండి తప్పించుకొని ముస్లిములు హబషా చేరారు. వారిని తిరిగి అప్పగించమని ఖురైషు దూతలు నజాషీ రాజును కోరారు. ప్రాణాలు ఆ సమాధానం మీద ఆధారపడి ఉన్నాయి. జాఫర్ (రజి) రాజును గౌరవంగా సంబోధించి, తాము అజ్ఞానంలో మునిగి ఉన్న జాతి అని మొదలుపెట్టారు. బలవంతుడు బలహీనుణ్ణి కబళించిన రోజులను, తమ జాతి పాపాలను దాచకుండా చెప్పారు. ఆ తర్వాతే ప్రవక్త (స) ఏమి మార్చారో వివరించారు. శత్రువును నిందించడంతో ఆయన ప్రారంభించలేదు. తన వారి లోపాన్ని ముందుగా ఒప్పుకున్న మనిషి మాటను న్యాయవంతుడైన రాజు వినకుండా ఉండలేకపోయాడు.

మూడవది హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖలీఫాగా చేసిన తొలి ప్రసంగం. తాను మీలో అందరికంటే ఉత్తముణ్ణి కాకపోయినా మీ బాధ్యత నాపై పెట్టారని, సరిగా నడిస్తే తోడ్పడమని, తప్పితే సరిదిద్దమని ఆయన కోరారు. మనం సభలలో ప్రదర్శించే వినయానికీ దీనికీ ఎంత తేడా ఉన్నదో చూడండి. 'నాకు అర్హత లేదు' అని మనం ఆగిపోతాము. విన్నవారు 'లేదు లేదు, మీరు గొప్పవారే' అనుకోవాలన్న కోరిక ఆ మాట వెనుక దాగి ఉంటుంది. అబూబక్ర్ (రజి) వినయం శ్రోతల చేతికి ఒక హక్కును అందించింది.

నాలుగవది హిజ్రీ 10లో అరఫాత్ మైదానంలో మహాప్రవక్త (స) చేసిన హజ్జతుల్ విదా ప్రసంగం. ఈ సంవత్సరం తర్వాత మిమ్మల్ని ఇక్కడ మళ్లీ కలుస్తానో లేదో అన్న భావంతో ఆయన (స) ప్రారంభించారు. ఈ మాట ఇప్పుడే ఎందుకు వినాలి అన్న ప్రశ్నకు సమాధానం తొలి వాక్యంలోనే ఉన్నది.

ప్రశ్న, ఒప్పుకోలు, బాధ్యత, తరుణం. నాలుగు ప్రారంభాలూ నాలుగు తీరులు. నాలుగింటిలోనూ మాట ఎదుటివారి జీవితంలో నుండి, వారి ముందున్న సమస్యలో నుండి మొదలైంది.

భయం గురించి

సోదరి రాయకపోయినా, ఆమె ప్రశ్న వెనుక భయం ఉన్నదని మేము గ్రహించాము. వేదిక మీద కాళ్లు వణకడం బలహీనత కాదు. ఫిరౌను వద్దకు వెళ్లమన్న ఆజ్ఞ అందినప్పుడు హజ్రత్ మూసా (అలైహి) తన హృదయాన్ని విశాలం చేయమని, పనిని సులభం చేయమని, జనులు తన మాట గ్రహించేలా నాలుక ముడిని విప్పమని అల్లాహ్‌ను వేడుకున్నారు. తా-హా సూరాలోని ఈ దుఆ మన పిల్లలకు కూడా కంఠస్థమే. దాని క్రమాన్ని గమనించండి. నాలుక కంటే ముందు హృదయం కోరారు. మాట తనకు గొప్పగా రావాలని కోరలేదు, వినేవారికి అర్థం కావాలని కోరారు. అంతటితో ఆగక, తనకంటే స్పష్టంగా మాట్లాడగల సోదరుడు హారూన్ (అలైహి)ను తోడుగా ఇమ్మని అడిగారు. తోడు కోరడంలో తక్కువతనం లేదు. సోదరి కూడా సభకు ముందు తన అమ్మ ఎదుటో, స్నేహితురాలి ఎదుటో తొలి నిమిషాన్ని రెండు మూడుసార్లు చెప్పి చూసుకోవాలి. 'ఇక్కడ నాకు అర్థం కాలేదు' అని అమ్మ అన్నచోట వాక్యం మార్చాలి.

ఆచరణలో కొన్ని సూచనలు

ప్రసంగమంతా సిద్ధమైన తర్వాతే ప్రారంభాన్ని రాయండి. ఏ ఇంటికి తలుపు పెడుతున్నామో తెలియకుండా తలుపు చేయించలేము. రాసిన దానిలో ఎక్కడ మీ చేయి ఆగిందో, ఏ సంగతి రాస్తుండగా గొంతు పట్టుకున్నదో చూడండి. తరచుగా అసలైన ప్రారంభం అక్కడ దాగి ఉంటుంది.

మొదటి మూడు వాక్యాలను కాగితం చూడకుండా చెప్పగలగాలి. మిగిలిన వాటికి కాగితం చూసినా ఎవరూ తప్పుపట్టరు. మొదట్లోనే తల వంచి చదివితే సభతో చూపు కలవదు.

మైకు పనిచేస్తున్నదో లేదో సభకు ముందే చూసుకోండి. దానిని వేలితో కొట్టి 'హలో, వినిపిస్తున్నదా' అన్నది మీ తొలి వాక్యం కాకూడదు. లేచి నిలబడగానే మాట్లాడవద్దు. సభను ఒకసారి చూసి, ఊపిరి తీసుకొని, బిస్మిల్లాహ్ అనుకొని ప్రారంభించండి. ఆ రెండు మూడు క్షణాల నిశ్శబ్దానికి భయపడవద్దు.

వేదిక మీది వారి పేర్లు సభ నడిపేవారు ఎలాగూ చెబుతారు. మీరు మళ్లీ చెప్పనవసరం లేదు. కృతజ్ఞత చెప్పాలనిపిస్తే చివరలో చెప్పండి. మొదట చెప్పిన కృతజ్ఞత లాంఛనంగా వినిపిస్తుంది. చివర చెప్పినది మనసులో నుండి వచ్చినట్లు ఉంటుంది.

నెమ్మదిగా మాట్లాడండి. ప్రవక్త (స) మాటలను లెక్కపెట్టదలచినవారు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉండేవని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. నమాజును దీర్ఘంగా, ఖుత్బాను సంక్షిప్తంగా ఉంచడం మనిషి అవగాహనకు గుర్తు అన్న ప్రవక్త (స) బోధను హజ్రత్ అమ్మార్ (రజి) ఉల్లేఖించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌వూద్ (రజి) వారానికి ఒకసారి, గురువారం నాడు ఉపదేశించేవారు. ప్రతిదినం చెప్పమని కోరితే, మీకు విసుగు కలిగించడం ఇష్టం లేదని బదులిచ్చారు. ఖుర్ఆన్ విద్యలో అంతటి స్థానం గలవారే శ్రోతల విసుగును లెక్కలోకి తీసుకున్నారు. పది నిమిషాల ప్రసంగానికి ఒక్క నిమిషం ప్రారంభం చాలు.

తెచ్చిపెట్టుకున్న హాస్యం, అందరూ విన్న కథ, అర్థం కాని పద్యమో షేరో వదిలివేయండి. 'విద్య వెలుగు' వంటి వాక్యాలతో సభలో ఎవరికీ విభేదం ఉండదు. విభేదం లేని మాటతో మొదలుపెడితే వినవలసిన అవసరమూ కనిపించదు.

వేదిక లేని ప్రసంగాలు

ఈ విషయం వక్తలకే పరిమితమని పాఠకులు భావించకూడదు. మన ఇళ్లలో జరిగే కష్టమైన సంభాషణలన్నీ ప్రసంగాలే. రాత్రి ఆలస్యంగా వచ్చిన కుమారునితో తండ్రి 'నీవు ఎప్పుడూ ఇంతే' అని మొదలుపెడితే ఆ అబ్బాయి చెవులు అక్కడే మూసుకుంటాయి. తర్వాత చెప్పిన హితవు ఎంత మంచిదైనా గోడకు చెప్పినట్లే. 'నాయనా, నీవు వచ్చేదాకా అమ్మకు అన్నం సహించలేదు' అని మొదలుపెడితే కనీసం తల ఎత్తి చూస్తాడు. అత్తాకోడళ్ల మధ్య, అన్నదమ్ముల ఆస్తి పంపకాల మధ్య, పెళ్లి మాటలలో కట్నం వద్దని చెప్పవలసిన చోట, మాట చెడేది సాధారణంగా తొలి వాక్యంలోనే.

ఫిరౌను వంటి నిరంకుశుని వద్దకు పంపేటప్పుడు కూడా మూసా, హారూన్ (అలైహిమ్)లకు అల్లాహ్ మృదువుగా మాట్లాడమని ఆజ్ఞాపించాడు. మన కుమారుడు ఫిరౌను కంటే చెడ్డవాడు కాడు. మనం మూసా (అలైహి) కంటే గొప్పవారమూ కాము.

సోదరి ఉత్తరంలోని చివరి వాక్యాలు

ఇప్పుడు ఆళ్లగడ్డ సోదరి వద్దకు తిరిగి వద్దాం. సంతకానికి పైన ఆమె మరికొన్ని మాటలు రాసింది: "నాకు పదవ తరగతిలో మంచి మార్కులు వచ్చిన రోజున మా ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. నన్ను నంద్యాలకు పంపాలా వద్దా అని అమ్మ రెండు రాత్రులు నిద్రపోలేదు. ఇది సభకు సంబంధించినది కాదు, ఊరికే రాశాను."

సోదరీ, మీరు వెతుకుతున్న ప్రారంభం ఇదే. మీ కాగితంలో దానికి చోటు దొరకలేదు, ఉత్తరం చివర 'ఊరికే' వచ్చింది. సలాము, క్లుప్తమైన హమ్ద్, దరూద్ తర్వాత ఇలా మొదలుపెట్టి చూడండి:

"అమ్మలారా, అక్కలారా! నాకు పదిలో మంచి మార్కులు వచ్చిన రోజున మా ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. నన్ను నంద్యాల పంపాలా వద్దా అని మా అమ్మ రెండు రాత్రులు నిద్రపోలేదు. ఆ రెండు రాత్రులు మీలో ఎంతమందికి తెలుసు? అమ్మ భయపడిన సంగతులన్నీ ఒక్కొక్కటిగా చెబుతాను. వాటిలో ఏది నిజమైంది, ఏది కాలేదు, దేనికి ఏ దారి దొరికింది అన్నది కూడా చెబుతాను."

ఇందులో అలంకారం లేదు. అమ్మను తక్కువ చేయడమూ లేదు. అయితే చెప్పే ముందు అమ్మ అనుమతి తీసుకోండి. అది ఆమె బాధ, ఆమె గౌరవం. ఆమె వద్దంటే మరొక ప్రారంభం వెతుక్కోండి. అంగీకరిస్తే ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టండి.

ఒక మాట మాత్రం మరువకండి. ఈ ప్రారంభం ఒక వాగ్దానం. దానిని మిగిలిన తొమ్మిది నిమిషాలలో నెరవేర్చాలి. ఏ బస్సులో వెళ్లారు, ఎక్కడ ఉన్నారు, నెలకు ఎంత ఖర్చయింది, మొదటి నెలలో ఎవరు తోడు వచ్చారు, నమాజుకు, పర్దాకు ఏ ఇబ్బంది కలిగింది, ఎవరిని అడిగితే అది తొలగింది, ఇవన్నీ ఉన్నవి ఉన్నట్లు చెప్పండి. తొలగని ఇబ్బంది ఉంటే అదీ చెప్పండి. వాగ్దానం చేసి, ఆ తర్వాత 'విద్య వెలుగు' వద్దకే తిరిగి వెళితే మంచి ప్రారంభం కూడా మోసమే అవుతుంది.

ఇక మా విన్నపం ఒకటి. సభ ఏ వేళకు పెట్టారో మీరు రాయలేదు. పల్లెలకు వెళ్లే చివరి బస్సులు ఎప్పుడో ముందుగా కనుక్కొని, నిర్వాహకులతో మాట్లాడి మీ ప్రసంగాన్ని ముందుకు జరిపించుకోండి. లేచి నిలబడినప్పుడు మూడవ వరుస వైపు ఒకసారి చూడండి. ఈసారి కూడా ఎవరో ఒక తల్లి ప్లాస్టిక్ కవరు ఒడిలో పెట్టుకొని కూర్చొని ఉండవచ్చు. ఆమె అడగడానికి వచ్చిన ప్రశ్నను ఆమె లేవకముందే మీ నోటితో పలకండి.

అల్లాహ్ మీ హృదయాన్ని విశాలం చేయుగాక! మీ మాటను వారికి సుబోధకం చేయుగాక! సభ ఎలా జరిగిందో తప్పక రాయండి. ఆ తల్లి కనిపిస్తే, ఆమెకు మా సలాము చెప్పండి. మా క్షమాపణ కూడా.